ఊపిరి పోసే యంత్రమే.. ఉసురు తీయొచ్చు!

పాతతరం స్పోర్ట్స్ కార్లకు సూపర్‌చార్జర్ అమరిక, సంరక్షణలో మెలకువలు

అది 1930 జూన్ 21. ఫ్రాన్సులోని లెమాన్స్‌లో 24 గంటల కార్ల పందెం మొదలైంది. జర్మనీకి చెందిన ఏడు లీటర్ల మెర్సిడెస్ ముందు దూసుకుపోతోంది. దాని చక్రం పట్టింది రుడాల్ఫ్ కరాచియోలా. వెనక నుంచి బ్రిటన్ రేసర్ సర్ హెన్రీ బిర్కిన్ తన బెంట్లీని తరుముకొచ్చాడు. టైరు పైపొర ఊడి ఎగిరిపోతున్నా లెక్కచేయక మెర్సిడెస్‌ను దాటేశాడు. చూసినవారు ఔరా అన్నారు. అయితే రాత్రి గడిచేసరికి మెర్సిడెస్ ఆగిపోయింది. పందెం ముగియకముందే బిర్కిన్ జట్టు కార్లూ ఇంజిన్లు దెబ్బతిని తప్పుకొన్నాయి. చివరికి గెలిచింది అదే బెంట్లీ సంస్థ తయారుచేసిన మరో కారు స్పీడ్ సిక్స్. దానికి సూపర్‌చార్జర్ లేదు!

పాతకాలపు స్పోర్ట్స్ కార్లను ప్రాణప్రదంగా చూసుకునేవారికి ఈ కథలోని నీతి నేటికీ వర్తిస్తుంది. సూపర్‌చార్జర్ ఇంజిన్‌కు అదనపు బలాన్నిస్తుంది. అమర్చడంలో తేడా వస్తే, సంరక్షణలో ఏమరుపాటు చూపితే ఎనభై తొంభై ఏళ్లు నిలిచిన ఇంజిన్‌ను ఒక్కపూటలో పాడుచేస్తుంది. అందుకే ఈ యంత్రం పనితీరు, అమరిక, ఆలనాపాలనా గురించి తెలుసుకోవడం అవసరం.

గాలి ఎక్కువైతే బలం ఎక్కువ

పెట్రోలు ఇంజిన్ తనంతట తాను గాలిని పీల్చుకుంటుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్‌లో ఖాళీ ఏర్పడి, బయటి గాలి పెట్రోలు ఆవిరితో కలిసి లోపలికి వస్తుంది. ఆ గాలిని నెట్టే శక్తి వాతావరణ పీడనానిదే. సముద్రమట్టం వద్ద అది చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ వాల్వులు తెరిచి ఉండే సమయం తగ్గిపోతుంది. దాంతో సిలిండర్ పూర్తిగా నిండదు. మండే మిశ్రమం ఎంత ఉంటే బలం అంతే కదా!

ఈ లోటును పూడ్చేదే సూపర్‌చార్జర్. ఇది ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ నుంచి బెల్టు, గొలుసు లేదా పళ్ల చక్రాల ద్వారా శక్తి తీసుకుని తిరిగే గాలి పంపు. ఇంజిన్ పీల్చుకోగలిగిన దానికన్నా ఎక్కువ గాలిని బలవంతంగా లోపలికి నెడుతుంది. నేటి లారీలు, కార్లలో కనిపించే టర్బోచార్జర్ చేసే పని కూడా ఇదే. కాకపోతే టర్బో పొగగొట్టంలోంచి వెళ్లే వేడి వాయువులతో తిరుగుతుంది. సూపర్‌చార్జర్ నేరుగా ఇంజిన్‌తో తిరుగుతుంది కనుక యాక్సిలరేటర్ నొక్కిన వెంటనే స్పందిస్తుంది. అందుకు ప్రతిఫలంగా ఇంజిన్ శక్తిలో కొంత తానే తినేస్తుంది.

పాత స్పోర్ట్స్ కార్లకు సాధారణంగా చదరపు అంగుళానికి 6 పౌండ్ల వరకు అదనపు పీడనం సరిపోతుంది. లెక్క ప్రకారం ఇది వాతావరణ పీడనం మీద 40 శాతం పెరుగుదల. అయితే గాలిని కుదిస్తే వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలి ఎంత మంచి పంపులోనైనా 60 డిగ్రీలు దాటుతుంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి సిలిండర్‌లోకి చేరే గాలి బరువు నికరంగా నాలుగో వంతు మాత్రమే పెరుగుతుంది. ఆ మాత్రానికే చిన్న కారు నడకలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

కొలిమి నుంచి కారు దాకా

ఈ పంపు కార్లకోసం పుట్టింది కాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, కానర్స్‌విల్‌కు చెందిన రూట్స్ సోదరులు 1860లో దీనికి పేటెంట్ పొందారు. తర్వాత కొలిములకు గాలి అందించేందుకు ఇది విస్తృతంగా ఉపయోగపడింది. ఒక పెట్టెలో రెండు రోటర్లు ఎదురెదురుగా తిరుగుతూ గాలిని ఒకవైపు నుంచి మరోవైపునకు తోస్తాయి. మన కోస్తా తీరంలోని రొయ్యపిల్లల హేచరీల్లో తొట్లకు గాలి పంపే బ్లోవర్లలోనూ ఈ సూత్రమే పనిచేస్తోంది. సిమెంటు కర్మాగారాల్లో పొడిని గొట్టాల గుండా తోసేదీ ఇలాంటి బ్లోవర్లే.

ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా పంపే ఆలోచనకు గోట్లీబ్ డైమ్లర్ 1885లోనే పేటెంట్ తీసుకున్నారు. 1921లో బెర్లిన్ ప్రదర్శనలో మెర్సిడెస్ సంస్థ సూపర్‌చార్జర్ ఉన్న కార్లను అమ్మకానికి చూపింది. 1923లో ఇటలీలోని మోంజాలో ఫియట్ 805 నెగ్గడంతో గ్రాండ్ ప్రి పందేల్లో సూపర్‌చార్జర్ల శకం మొదలైంది. బుగాటి, ఆల్ఫా రోమియో అదే బాట పట్టాయి. బ్రిటన్‌కు చెందిన ఎంజీ సంస్థ 1933లో తెచ్చిన కే3 కారు కేవలం 1087 సీసీ ఇంజిన్‌తో ఇటలీలోని మిల్లె మిలియా పందెంలో తన తరగతిలో విజేతగా నిలిచి, జట్టు బహుమతినీ అందుకుంది. అదే ఏడాది తాజియో నువొలారి ఆ కారుతోనే ఉత్తర ఐర్లండ్‌లోని టూరిస్ట్ ట్రోఫీ గెలుచుకున్నారు.

ఆయన వద్దన్నారు.. ఈయన వినలేదు

సూపర్‌చార్జర్‌పై అందరికీ ఒకే అభిప్రాయం లేదు. బెంట్లీ సంస్థ వ్యవస్థాపకుడు వాల్టర్ ఓవెన్ బెంట్లీ దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. బలం కావాలంటే పెద్ద ఇంజిన్ కట్టాలే తప్ప, ఉన్న ఇంజిన్‌లోకి గాలిని బలవంతాన ఎక్కించకూడదన్నది ఆయన వాదన. బిర్కిన్ మాత్రం పట్టు వీడలేదు. డొరొతీ పాజెట్ అనే సంపన్నురాలి ఆర్థిక సాయంతో, ఇంజినీరు ఆంహెర్స్ట్ విలియర్స్ రూపొందించిన సూపర్‌చార్జర్‌ను 4398 సీసీ బెంట్లీకి బిగించారు. క్రాంక్ షాఫ్ట్ ముందు కొసకు, రేడియేటర్‌కు ముందు అది వేలాడేది. 110 హార్స్‌పవర్ ఇంజిన్ 175కు చేరింది. పందెపు కార్లలో 240కి ఎగబాకింది. బిర్కిన్ జట్టు కార్లు అయిదు కాగా, అమ్మకానికి మరో 50 తయారయ్యాయి.

1930లో పావ్‌లో జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రిలో బిర్కిన్ ఆ కారుతో రెండో స్థానంలో నిలిచారు. అదే ఈ కారుకు దక్కిన పెద్ద ఘనత. లెమాన్స్‌లో ఒక్కసారీ గెలవలేదు. 1931లో బెంట్లీ సంస్థ ఆర్థిక కష్టాల్లో చిక్కుకుని రోల్స్ రాయిస్ చేతుల్లోకి వెళ్లింది. అయినా ‘బ్లోవర్ బెంట్లీ’ పేరు మాసిపోలేదు. ఆ కార్ల నమూనాలో మరో 12 తయారుచేస్తామని బెంట్లీ సంస్థే 2019లో ప్రకటించింది. వ్యవస్థాపకుడు వద్దన్న కారే నేడు ఆ సంస్థకు గుర్తింపుగా మారడం విశేషం.

ఏది ఏ రకం?

పాత కార్లలో ప్రధానంగా మూడు రకాలు కనిపిస్తాయి.

రూట్స్ రకం: రెండు రోటర్లు ఒకదానికొకటి తాకకుండా తిరుగుతాయి. వాటి మధ్య సందు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన ఉంటుంది. రెండూ ఢీకొనకుండా చివరన పళ్ల చక్రాలు కాపాడతాయి. ఇది గాలిని తనలో కుదించదు, తోసేస్తుంది అంతే. మానిఫోల్డ్‌లో గాలి కిక్కిరిసి పీడనం పెరుగుతుంది. మార్షల్ సూపర్‌చార్జర్లు ఈ కోవకు చెందినవి.

రెక్కల రకం: గుండ్రని పెట్టెలో కేంద్రం నుంచి పక్కకు జరిగిన డ్రమ్ము తిరుగుతుంది. దాని గాడుల్లోంచి రెక్కలు బయటికీ లోపలికీ కదులుతూ గాలిని కుదిస్తాయి. బ్రిటన్‌కు చెందిన షోరాక్ ఇందులో ప్రసిద్ధి. చిన్న ఇంజిన్లకు ఇది అనువైనది. నూనె సరఫరా మాత్రం తప్పనిసరి.

సెంట్రిఫ్యూగల్ రకం: పంఖా వంటి చక్రం అతివేగంగా తిరిగి గాలిని విసురుతుంది. అమెరికా కార్లలో ఎక్కువ. 1932 నాటి డ్యూసెన్‌బర్గ్ ఎస్‌జే ఇందుకు ఉదాహరణ. ఇంజిన్ వేగం బాగా పెరిగితేగానీ దీని ప్రభావం తెలియదు.

ముందు ఇంజిన్‌కు వైద్య పరీక్ష

బలహీనమైన ఇంజిన్‌కు సూపర్‌చార్జర్ బిగించడం జబ్బు మనిషిని పరుగు పందెంలో నిలబెట్టినట్లే. 1945 నుంచి 1949 వరకు తయారైన ఎంజీ టీసీ కారునే తీసుకుందాం. 1250 సీసీ ఇంజిన్, 54 హార్స్‌పవర్. అప్పట్లో ఎక్కువమంది సూపర్‌చార్జర్ బిగించుకున్న చిన్న కార్లలో ఇదొకటి. వయసు ఎనభై ఏళ్లకు చేరిన ఇలాంటి ఇంజిన్‌కు ముందుగా నాలుగు సిలిండర్లలో కంప్రెషన్ కొలవాలి. వాటి మధ్య తేడా పది శాతం మించితే పిస్టన్ రింగులో, వాల్వులో అరిగాయని అర్థం. ఆ మరమ్మతు పూర్తయ్యాకే మిగతా పని.

క్రాంక్ షాఫ్ట్‌ను బయటికి తీసే అవకాశముంటే అయస్కాంత పరీక్షతో పగుళ్లు వెతికించాలి. కంటికి కనిపించని చీలిక అదనపు భారంతో తెగిపోయే ప్రమాదముంది. యుద్ధానికి ముందు కార్లలో చాలావాటికి బేరింగుల్లో కరిగించి పోసిన తెల్లలోహం ఉంటుంది. అది అధిక భారాన్ని ఎక్కువసేపు మోయలేదు. రేడియేటర్‌లో, ఇంజిన్ నీటి దారుల్లో పేరుకున్న తుప్పు, మడ్డి శుభ్రం చేయించాలి. బలం పెరిగితే వేడీ పెరుగుతుంది.

అన్నింటికన్నా ముఖ్యం కంప్రెషన్ నిష్పత్తి. టీసీ ఇంజిన్‌కు కర్మాగారం ఇచ్చిన నిష్పత్తి దాదాపు 7.25. దీనికి 6 పౌండ్ల అదనపు పీడనం తోడైతే స్థూలంగా 10.2 నిష్పత్తితో సమానమవుతుంది. ఇది భరించదగినదే. కానీ ఏళ్ల తరబడి మరమ్మతుల్లో సిలిండర్ హెడ్‌ను మళ్లీ మళ్లీ చదును చేయించి ఉంటే నిష్పత్తి 8.5కు చేరి ఉండొచ్చు. అప్పుడు లెక్క 12కు చేరుతుంది. ఫలితంగా పెట్రోలు సమయానికి ముందే పేలి నాకింగ్ మొదలవుతుంది. పిస్టన్ తలకు చిల్లు పడటానికి కొన్ని నిమిషాలు చాలు. అందువల్ల హెడ్ మందాన్ని కొలవకుండా సూపర్‌చార్జర్ జోలికి వెళ్లరాదు.

అమరికలో కీలకం ఇదే

టీసీ వంటి కార్లలో ఉన్న రెండు చిన్న కార్బురేటర్లను తీసేసి, వాటి స్థానంలో ఒక పెద్ద కార్బురేటర్‌ను సూపర్‌చార్జర్‌కు ముందు బిగిస్తారు. అంటే గాలి, పెట్రోలు కలిశాకే పంపులోకి వెళ్తాయి. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు వేడిని పీల్చుకుంటుంది కనుక పంపు కొంత చల్లబడుతుంది. నాటి మెర్సిడెస్ కార్లలో ఇది తలకిందులు. అక్కడ సూపర్‌చార్జర్ నుంచి గాలి కార్బురేటర్‌లోకి వెళ్తుంది. అదీ యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కినప్పుడే పంపు కలిసేది. ఒక పద్ధతికి చెందిన భాగాలను మరో పద్ధతికి వాడకూడదు.

పెట్రోలు మిశ్రమం పంపులో, మానిఫోల్డ్‌లో నిండి ఉండటమే మొదటి పద్ధతిలోని ప్రమాదం. ఇంజిన్ వెనక్కి తన్నితే ఆ మిశ్రమం అంటుకుంటుంది. అందుకే మానిఫోల్డ్ మీద స్ప్రింగుతో పనిచేసే రక్షణ వాల్వు ఉంటుంది. పేలుడు పీడనం దాని గుండా బయటికి పోయి రోటర్లు బతుకుతాయి. ఈ వాల్వు లేకుండా, లేదా తుప్పుపట్టి బిగుసుకున్న వాల్వుతో కారు నడపకూడదు. ఇంజిన్ పక్కనే నూనె, పెట్రోలు గొట్టాలుంటాయి కాబట్టి కారులో చిన్న అగ్నిమాపక సిలిండర్ ఉంచుకోవడం మంచిది.

బెల్టు అమరికలో క్రాంక్ పుల్లీ, సూపర్‌చార్జర్ పుల్లీ ఒకే వరుసలో ఉండాలి. సూటిగా ఉన్న ఇనుప పట్టీని రెండింటి ముఖాలకూ ఆనించి చూస్తే వంకర తెలిసిపోతుంది. బెల్టును మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. వదులైతే జారి కీచుమంటుంది. మరీ బిగిస్తే బేరింగులు త్వరగా పోతాయి. మరింత వేగం కోసం చిన్న పుల్లీ వేయడం చాలామంది చేసే పొరపాటు. సూపర్‌చార్జర్ పుల్లీ చుట్టుకొలతను పది శాతం తగ్గిస్తే పంపు వేగం పదకొండు శాతం పెరుగుతుంది. తయారీదారు నిర్దేశించిన వేగం దాటితే బేరింగులు, రోటర్లు నిలవవు.

పని చేసేటప్పుడు గాలి దారులకు గుడ్డ కట్టి ఉంచాలి. చేయి జారిన చిన్న నట్టు లోపల పడితే వెయ్యో వంతు సందుతో తిరిగే రోటర్లకు అదే ఆఖరి రోజు. గాలి వడపోత లేకుండా నడపడమూ అంతే ప్రమాదకరం.

టైమింగ్ వెనక్కి.. మిశ్రమం చిక్కగా

సూపర్‌చార్జర్ బిగించాక పాత ఇగ్నిషన్ టైమింగ్ పనికిరాదు. దట్టమైన మిశ్రమం వేగంగా మండుతుంది. కాబట్టి నిప్పురవ్వ పడే సమయాన్ని కొంత వెనక్కి జరపాలి. స్పార్క్ ప్లగ్గులు వేడిని త్వరగా వదిలే చల్లని రకానివి వేయాలి. పీడనం ఎక్కువైనప్పుడు నిప్పురవ్వ దూకడం కష్టం కనుక ప్లగ్గు సందును కాస్త తగ్గించాలి. ఎస్‌యూ కార్బురేటర్‌లో పెట్రోలు మోతాదును నియంత్రించే సూదిని మార్చి మిశ్రమాన్ని చిక్కబరచాలి. పలచని మిశ్రమం పిస్టన్‌కు శత్రువు.

నేటి ఇంధనం మరో చిక్కు తెచ్చింది. 1940ల పెట్రోలు కన్నా ఇప్పటి పెట్రోలుకు నాకింగ్‌ను తట్టుకునే గుణం ఎక్కువ. ఇది మేలే. కానీ అందులో కలిసే ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, గాస్కెట్లను మెత్తబరుస్తుంది. మన దేశంలో 20 శాతం, బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వాడకంలో ఉంది. ఇథనాల్ ఉన్న ఇంధనం అదే జెట్టు గుండా వెళ్తే మిశ్రమం పలచనవుతుంది. కనుక గొట్టాలు మార్చడంతోపాటు కార్బురేటర్‌ను తిరిగి సరిచేయించాలి. నెలల తరబడి కారు కదలకపోతే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయడం శ్రేయస్కరం.

నూనె చుక్కే ప్రాణం

సూపర్‌చార్జర్లు పాడవడానికి ప్రధాన కారణాల్లో ఒకటి నూనె అందకపోవడం లేదా అతిగా అందడం. షోరాక్ రకానికి ఇంజిన్ నుంచే సన్నని గొట్టం ద్వారా నూనె వస్తుంది. దాని మార్గంలో పరిమిత మోతాదులో వదిలే చిన్న రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే రెక్కలు ఎండి బిగుసుకుంటాయి. ఆ భాగాన్ని పారేసి నేరుగా గొట్టం కలిపితే నూనె వరదలా వచ్చి, ప్లగ్గులు తడిసి, నీలిపొగ చిమ్ముతుంది. రూట్స్ రకంలో పళ్ల చక్రాల పెట్టెకు ప్రత్యేకంగా నూనె పోయాలి. గుర్తు వరకే పోయాలి. ఎక్కువైతే సీలు దాటి సిలిండర్లలోకి చేరుతుంది.

ఎంజీ కే3 కార్లలో తొలుత అమర్చిన రెక్కల రకం సూపర్‌చార్జర్ స్థానంలో 1934లో రూట్స్ రకం మార్షల్ వచ్చింది. పందెపు జట్లనూ ప్లగ్గులు నూనెతో తడవడమనే బెడద వేధించిన రోజులవి.

కారు వాడకపోయినా నెలకోసారి బెల్టు విప్పి సూపర్‌చార్జర్‌ను చేత్తో తిప్పాలి. మెత్తగా, ఒకే తీరుగా తిరగాలి. గరగరమన్నా, ఎక్కడైనా పట్టేసినా ఇంజిన్ స్టార్టు చేయకుండా విప్పి చూడాల్సిందే. చల్లని ఇంజిన్‌ను వెంటనే ఉరికించరాదు. నూనె వేడెక్కి పీడనం నిలిచేవరకు నెమ్మదిగా నడపాలి. ఎక్కువసేపు వేగంగా నడిపాక ఒకటి రెండు నిమిషాలు నిదానంగా తిరగనిచ్చి ఆపాలి. డ్యాష్‌బోర్డు మీద పీడనం చూపే మీటరు తప్పనిసరి. చెవికి తెలియని మార్పు ముల్లుకు ముందు తెలుస్తుంది.

ఇంజిన్ చెప్పే కబుర్లు

• ప్లగ్గు కొస గోధుమ రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్లు. తెల్లబడితే పలచన, వేడి ఎక్కువ. పొడి మసి పట్టితే మరీ చిక్కన. తడి నలుపైతే నూనె చేరుతున్నట్లు.

• మీటరులో పీడనం క్రమంగా తగ్గుతుంటే బెల్టు జారుతుండొచ్చు, రోటర్లు అరిగి ఉండొచ్చు, రక్షణ వాల్వు పూర్తిగా మూసుకోకపోవచ్చు. మానిఫోల్డ్ గాస్కెట్ కారుతున్నా ఇదే లక్షణం.

• ఎత్తు ఎక్కేటప్పుడు డబ్బాలో గులకరాళ్లు ఆడించిన చప్పుడు వస్తే అది నాకింగ్. వెంటనే యాక్సిలరేటర్ వదలాలి.

• నీటి ఉష్ణోగ్రత పెరుగుతూ, రేడియేటర్‌లో బుడగలు కనిపిస్తే హెడ్ గాస్కెట్ పోయినట్లు అనుమానించాలి.

బలం పెరిగిందన్న ఉత్సాహంలో బ్రేకులను మరవరాదు. టీసీకి ఉన్నవి 9 అంగుళాల డ్రమ్ము బ్రేకులు, సన్నని 19 అంగుళాల చువ్వల చక్రాలు. కారు ముందుకన్నా వేగంగా ఉరుకుతుంది కానీ, ముందుకన్నా వేగంగా ఆగదు.

నిబంధనలు ఏమంటున్నాయి?

మన దేశంలో పాత కార్ల యజమానులు ఒక విషయం గమనించాలి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా వాహనంలో మార్పులు చేయకూడదు. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ ప్రకటించిన నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు వింటేజ్ గుర్తింపు కల్పించాయి. అయితే వాహనం అసలు రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పులు జరిగి ఉండకూడదు. గుర్తింపు పొందిన వాహనాలను ప్రదర్శనలు, ర్యాలీలు, ఇంధనం నింపుకోవడం, మరమ్మతుల వంటి అవసరాలకే రోడ్డెక్కించాలి. అందుచేత కర్మాగారం నుంచి సూపర్‌చార్జర్ లేకుండా వచ్చిన కారుకు దాన్ని బిగించే ముందు రవాణా శాఖ అధికారులను సంప్రదించడం తప్పనిసరి.

బ్రిటన్‌లోని అనుభవజ్ఞులు పాటించే నియమం ఇక్కడా శిరోధార్యమే. బ్లాకుకు కొత్త రంధ్రం వేయకూడదు, హెడ్‌ను కోయకూడదు. తీసిన కార్బురేటర్లు, మానిఫోల్డ్, పుల్లీ, ఆఖరికి బోల్టులు సైతం పేర్లు రాసి పెట్టెలో భద్రపరచాలి. రేపు ఆ కారు చేతులు మారితే, కొత్త యజమాని ఒక్కరోజులో దాన్ని పుట్టినప్పటి రూపానికి తేగలగాలి. సూపర్‌చార్జర్ మళ్లీ దొరకవచ్చు. 1940ల నాటి ఇంజిన్ బ్లాకు పగిలితే అతుకు వేయడమే గానీ అసలుది తిరిగి రాదు.